డెత్ రైల్వే: లెక్కకు రాని మనవాళ్లు

మా ఇల్లు సూరత్‌లో, తాపీ నదికి ఉత్తరాన ఉన్న అమ్రోలీలో. ముంబయి–అహ్మదాబాద్ రైలు లైను మాకు దగ్గరే. ఉత్రాణ్ స్టేషన్లో ఆగని బండ్లు రాత్రంతా కూతలు వేసుకుంటూ పోతుంటాయి. ఒకవైపు అంజనీ ఎస్టేటు మగ్గాల మోత, ఇంకోవైపు రైళ్ల మోత. ఈ రెండింటి మధ్య హాయిగా నిద్రపోవడం నేర్చుకున్నవాణ్ణి. మా తాత సిరిసిల్ల నుంచి మొదట భివండీకి, అక్కణ్ణుంచి సూరత్‌కి వచ్చి మగ్గం నడిపాడు. ఇక్కడ తెలుగువాళ్లు ఎక్కువగా లింబాయత్, ఉధ్నా వైపే ఉంటారు. అమ్రోలీ వైపు గంజాం నుంచి వచ్చిన ఒడియావాళ్లు ఎక్కువ. వాళ్లలో చాలామందికి తెలుగు వచ్చు కాబట్టి మాకు పెద్ద ఇబ్బంది లేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రెండేళ్ల కిందట మా హేతువాద మిత్రుల సమావేశంలో ఒక పెద్దాయన రెండో ప్రపంచ యుద్ధం గురించి మాట్లాడుతూ, "సయాం–బర్మా రైలు మార్గంలో స్లీపరుకో ప్రాణం పోయింది" అన్నారు. అందరూ అయ్యో అన్నారు. నేను మాత్రం కాగితం తీశాను. దేవుడి మహిమల మీద ఏ లెక్క వేస్తామో, మన మనసు కరిగించే మాటల మీదా అదే లెక్క వేయాలి కదా!

ఆ లైను పొడవు 415 కిలోమీటర్లు. రెండున్నర అడుగులకు ఒక స్లీపరు చొప్పున వేసుకున్నా అయిదున్నర లక్షల స్లీపర్లు పడతాయి. చనిపోయినవాళ్లు యుద్ధఖైదీలు, ఆసియా కూలీలు అందరూ కలిపి లక్ష పైచిలుకు అని సాధారణంగా చెబుతారు. అంటే అయిదు స్లీపర్లకు ఒక ప్రాణం. "స్లీపరుకో ప్రాణం" అన్న మాట తప్పు అని తేల్చేసి, చాలా సంతోషంగా ఇంటికొచ్చాను.

రాత్రి పడుకున్నాక అదే లెక్క ఇంకోరకంగా వచ్చింది. లక్ష మందిని 415 కిలోమీటర్ల మీద పరిస్తే నాలుగు మీటర్లకు ఒక మనిషి. ఉత్రాణ్ నుంచి సూరత్ స్టేషన్‌కి నడిచి వెళ్తున్నట్టు ఊహించుకున్నాను. అయిదారు అడుగులు వేస్తే ఒక శవం. మళ్లీ అయిదారు అడుగులు, మళ్లీ ఒకటి. అతిశయోక్తిని సరిదిద్దాను గానీ, సరిదిద్దిన తర్వాత మిగిలింది ఏమీ తక్కువగా లేదు. ఆ లక్షలో మన తెలుగువాళ్లెందరు అన్న ప్రశ్న కూడా ఆ రాత్రే మొదలైంది.

2024 డిసెంబరులో సూరత్ నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానం మొదలైంది. మా టెక్స్‌టైల్ మార్కెట్ వాళ్లు బ్యాంకాక్ ఎందుకు వెళ్తారో నేను వివరించనక్కర్లేదు. 2025 ఏప్రిల్లో అలాంటి ఒక గుంపుతోనే టికెట్ తీసుకుని, అక్కడ దిగాక వాళ్లకు నమస్కారం పెట్టి నేను కాంచనబురి దారి పట్టాను. ఏప్రిల్ 25 తెల్లవారుజామున అక్కడి హెల్‌ఫైర్ పాస్ దగ్గర ఒక సంస్మరణ సభ జరుగుతుంది. దాన్ని చూడాలని నా కోరిక.

ఈ లైను సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. తర్వాత బర్మా కూడా చిక్కింది. బర్మాలోని సైన్యానికి సరుకులు పంపాలంటే సముద్రం మీద శత్రు జలాంతర్గాముల భయం. అందుకని థాయ్‌లాండ్‌లోని నోంగ్ ప్లాదుక్ నుంచి బర్మాలోని తన్‌బ్యూజయాత్ వరకు అడవిలో, కొండల్లో మీటర్ గేజ్ లైను వేయాలని జపాన్ సైన్యం నిర్ణయించింది. ఈ దారిన లైను వేయాలని అంతకుముందే ఇంగ్లీషువాళ్లు ఆలోచించి, మనవల్ల కాదని వదిలేశారు. జపాన్ వాళ్లు 1942 మధ్యలో మొదలుపెట్టి 1943 అక్టోబరు 17న రెండు కొసలనూ కలిపేశారు. యంత్రాలు చాలా తక్కువ. ఉన్నదల్లా మనుషులు. సుమారు 60 వేల మంది యుద్ధఖైదీలు, అంటే ఇంగ్లీషు, ఆస్ట్రేలియన్, డచ్ సైనికులు, కొద్దిమంది అమెరికన్లు. వాళ్లతోపాటు రెండు లక్షలకు పైగా ఆసియా కూలీలు. బర్మావాళ్లు, మలయా తోటల్లోని మన దక్షిణాది కూలీలు, జావావాళ్లు, చైనీయులు.

పట్టాలు ఎక్కణ్ణుంచి వచ్చాయని అడగండి. మలయాలో ఉన్న తూర్పు తీరపు లైనును పీకి తెచ్చారు. ఇంగ్లీషువాళ్లు ఈ విషయంలో తక్కువేమీ తినలేదు. మన కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వేసి, 1940లో యుద్ధ అవసరాలకని పీకేశారు. అక్కడ మళ్లీ రైలు నడవడానికి 2004 దాకా పట్టింది. యుద్ధం వస్తే పట్టాలకూ మనుషులకూ సొంత ఊరు అనేది ఉండదు.

ఇక సభ విషయానికొస్తాను. హెల్‌ఫైర్ పాస్ అంటే కొన్యూ అనేచోట కొండను నిలువునా కోసి రైలుకు దారి చేసిన చోటు. సుత్తి, ఉలి, డైనమైట్. ఒకడు ఉలి పట్టుకుంటాడు, ఇంకొకడు కొడతాడు. రాత్రిపూట నూనె దివ్వెలు, వెదురు మంటలు వెలిగించి పని చేయించేవాళ్లు. పైనుంచి చూస్తే నరకంలా ఉందని ఖైదీలు పెట్టిన పేరు అది. 1980ల్లో ఒక మాజీ ఆస్ట్రేలియా ఖైదీ తిరిగొచ్చి, అడవి కమ్మేసిన ఈ కోతను వెతికి పట్టుకుని, దీన్ని కాపాడాలని పట్టుబట్టాడు. 1998లో ఆస్ట్రేలియా ప్రభుత్వం అక్కడ మ్యూజియం కట్టింది. పాత రైలు దారిలో కొన్ని కిలోమీటర్లు నడిచి చూడొచ్చు. రాతిలో ఇరుక్కుపోయిన ఒక డ్రిల్లు ముక్క ఇప్పటికీ అలాగే ఉంది. నేను దాన్ని వేలితో తాకి చూశాను. చల్లగా ఉంది, అంతే. రాత్రిళ్లు ఇక్కడ సుత్తి చప్పుళ్లు వినిపిస్తాయని చెప్పేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. నాకు వినిపించినవి కీచురాళ్లు.

ఏప్రిల్ 25 ఎందుకంటే, అది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్ల ఆంజాక్ దినం. 1915లో అదే రోజు వాళ్ల సైన్యం టర్కీలోని గల్లిపోలీ ఒడ్డున దిగింది. (ఆ రోజు వాళ్లతోపాటు భారతీయ పర్వత ఫిరంగి దళం కూడా దిగింది. మన పాఠ్యపుస్తకాల్లో ఆ ముక్క నేను చదివిన గుర్తు లేదు.) చిత్రమేమిటంటే, ఈ కొన్యూ కోతలో పని మొదలైంది కూడా 1943 ఏప్రిల్ 25నే.

కాంచనబురి నుంచి అర్ధరాత్రి దాటాక బయలుదేరాం. ఎనభై కిలోమీటర్ల దూరం. చీకట్లో మెట్లు దిగి కోతలోకి వెళ్లాలి. దారి పొడవునా చిన్న చిన్న దీపాలు. రెండువైపులా నిలువుగా రాయి, పైన ఒక చీలికంత ఆకాశం. వందల మంది ఉన్నా ఎవరూ మాట్లాడటం లేదు. ఆస్ట్రేలియన్లు, వాళ్ల పిల్లలు, కొందరి ఛాతీకి తాతల పతకాలు. ప్రసంగాలు, ప్రార్థన, పుష్పగుచ్ఛాలు, బాకా, ఒక నిమిషం మౌనం. ప్రార్థన జరుగుతుంటే నేను తల వంచలేదు, ఊరికే నిలబడ్డాను. మౌనం పాటిస్తున్నప్పుడు మాత్రం నాకు తెలియకుండానే తల వంగింది. మౌనానికి ఏ దేవుడూ అవసరం లేదు. తెల్లవారాక పైకొచ్చి, రమ్ము కలిపిన కాఫీతో వాళ్ల ఆనవాయితీ ఫలహారం. నేను రమ్ము లేని కాఫీ తాగాను. ఇది సిద్ధాంతం కాదు, ఎసిడిటీ.

ఒక సంగతి నిజాయితీగా చెప్పాలి. ఆ మ్యూజియంలో ఆసియా కూలీల గురించి దాచలేదు. అంకెలతో సహా రాసి ఉంది. కాబట్టి "తెల్లవాళ్లు మనవాళ్లను మరుగుపరిచారు" అని ఒక్క మాటలో తేల్చేస్తే సరిపోదు. సినిమా సంగతి వేరు. 1957లో వచ్చిన "ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్" చూసినవాళ్లకు ఈ లైను తెల్ల సైనికులే కట్టారనిపిస్తుంది. దాన్ని తీసింది శ్రీలంకలో. ప్రపంచానికి ఈ రైలు తెలిసిందే ఆ సినిమా వల్ల, అదే దాని చిక్కు.

కాఫీ దగ్గర నేను ఇంటికి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడుతుంటే, పక్క బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దమనిషి తల తిప్పి చూశారు. ఫోన్ పెట్టేదాకా ఆగి, "ఏ ఊరు బాబూ మీది?" అన్నారు. యాస శ్రీకాకుళం వైపుది. మనిషి మలేసియా, పేరాక్ రాష్ట్రం. డెబ్భై అయిదేళ్లు ఉంటాయి, బడి మాస్టారుగా చేసి రిటైరయ్యారు. శ్రీకాకుళం ఎప్పుడూ చూడలేదట. కొడుకు కారులో తీసుకొచ్చాడు. ఆయన తాతను 1943లో కొబ్బరి తోట నుంచి ఈ రైలు పనికి తీసుకొచ్చారు. తిరిగి రాలేదు.

"మాస్టారూ, ఏ క్యాంపులో ఉన్నారో తెలుసా?" అని అడిగాను. తెలీదు. "ఏ నెలలో పోయారో?" తెలీదు. "కాగితం ఏమైనా?" ఆయన నావైపు ఒకరకంగా చూశారు. కోపం కాదు, పిల్లవాడు తెలియక అడిగితే చూసే చూపు.

మలయాకు మన వాళ్లు ఎలా వెళ్లారో క్లుప్తంగా చెబుతాను. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రబ్బరు, కొబ్బరి తోటలకు కూలీలు కావాలి. ముఖ్యంగా తమిళనాడు నుంచి, మన విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి కంగాణీలు మనుషులను తీసుకెళ్లేవాళ్లు. కంగాణీ అంటే మేస్త్రీ. తన ఊరికి వచ్చి, అప్పు ఇచ్చి, ఆశ పెట్టి, ఓడెక్కిస్తాడు. అమ్రోలీలో గంజాం కుర్రాళ్లను మగ్గాల మీదికి తెచ్చే ఠేకేదారును చూసినవాళ్లకు ఇది కొత్త కథ కాదు. తోటల్లో తమిళులే అత్యధికం. తెలుగువాళ్లు వేలల్లో ఉండేవాళ్లు, పేరాక్ దిగువ ప్రాంతంలోని బాగన్ దాతో కొబ్బరి తోటలవైపు ఎక్కువగా. మలేసియా తెలుగు సంఘం 1955లో మొదలైంది కూడా ఆ పేరాక్ వాళ్ల చొరవతోనే.

1943లో జపాన్ అధికారులు తోటల మీద పడ్డారు. మొదట ఆశ పెట్టారు. మూడు నెలల పని, రోజుకు డాలరు, తిండి, ఇల్లు. యుద్ధం వల్ల రబ్బరు కొనేవాడు లేక తోటల్లో పని లేదు, బియ్యం లేవు, కట్టుకోవడానికి బట్ట లేదు. కొందరు పెళ్లాం పిల్లలతో సహా వెళ్లారు. వెళ్లినవాళ్లు తిరిగిరాక, మిగిలినవాళ్లకు అనుమానం వచ్చాక, బలవంతం మొదలైంది. ఉచితంగా సినిమా వేస్తామని పిలిచి, తలుపులు మూసి లారీలెక్కించారన్న కథ మలేసియాలో చాలా కుటుంబాల్లో ఉంది. మాస్టారు కూడా అదే చెప్పారు. ఇన్ని ఇళ్లలో ఒకే కథ ఉంటే నాకు సహజంగానే అనుమానం వస్తుంది. విన్న కథను సొంత ఇంటి కథగా మార్చుకోవడం మనుషులకు అలవాటే. మాస్టారితో ఆ మాటే అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "కావచ్చు బాబూ. నాయనమ్మ సినిమా సంగతి చెప్పేది కాదు. ఆ రోజు తాత చొక్కా లేకుండా వెళ్లాడని చెప్పేది. ఉన్న ఒక్క చొక్కా ఉతికి ఆరేసిందట" అన్నారు.

నేను ఇంకేమీ అడగలేదు.

అడవిలో మనవాళ్లకు ఏం జరిగిందో తెలుసుకోవాలంటే ఒక్క రోగం చాలు. 1943 మే, జూన్ నెలల్లో వానలతోపాటు కలరా వచ్చింది. మా అవ్వ దాన్ని గత్తర అనేది. గత్తర ఎలా వస్తుందో అప్పటికి అరవై ఏళ్లుగా వైద్యులకు తెలుసు. నీళ్లు కాచి తాగాలి, మలం కాలవలోకి పోకుండా చూడాలి. ఖైదీల క్యాంపుల్లో సైన్యపు డాక్టర్లు ఉన్నారు, ఆ మాట వినిపించే ఆఫీసర్లు ఉన్నారు. మందు లేకపోయినా, కాచని నీళ్లు ముట్టుకోవద్దన్న కట్టుబాటు ఉంది. అయినా వాళ్లలో వందల మంది కలరాతో పోయారు. పక్కనే ఉన్న కూలీల క్యాంపుల్లో డాక్టరు లేడు, దొడ్డి లేదు, చెప్పేవాడు లేడు. అదే వాగు, అదే క్రిమి. చావులు మాత్రం వేరు. జపాన్ వాళ్లు చివరికి సింగపూర్ నుంచి ఖైదీల్లోంచే వైద్య సిబ్బందిని తెచ్చి కూలీల క్యాంపులకు పంపారు. మొదట సుమారు 230 మంది, తర్వాత మరో 115 మంది. పదుల వేల మందికి అంతే. అప్పటికే చాలా ఆలస్యమైంది.

గోనె సంచులు కట్టుకుని పని చేసేవాళ్లని ఆ కూలీల గురించి చెబుతారు. నేసేవాళ్ల ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టేమో, కలరా కంటే ఆ గోనె సంచి మాట నాకు ఎక్కువగా గుచ్చుకుంది.

ఇప్పుడు అసలు లెక్క. చనిపోయిన యుద్ధఖైదీలు సుమారు 12,600 మంది. అందులో ఇంగ్లీషువాళ్లెందరు, డచ్‌వాళ్లెందరు, ఆస్ట్రేలియన్లెందరు అన్నది ఒక్కొక్కటిగా లెక్కపెట్టి ఉంది. మలయా నుంచి వచ్చిన కూలీలు 75 వేల నుంచి 78 వేలు. అందులో చనిపోయినవాళ్లు? యుద్ధం అయ్యాక వచ్చిన ఒక లెక్క ప్రకారం 30 వేలకు కొంచెం తక్కువ. తర్వాతి పరిశోధకులు ఎక్కువగా చెప్పేది 42 వేలు. అడవిలోకి పారిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు, వాళ్లలో బతికిందెవరో చచ్చిందెవరో తేలదు కాబట్టి ఈ తేడా.

ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంతో చూడండి. పన్నెండు వేలు. అంటే ఖైదీలలో చనిపోయినవాళ్లు మొత్తం ఎంతమందో, దాదాపు అంతమంది మన కూలీల చావుల లెక్కలో "అటూ ఇటూ"గా ఉన్నారు. ఒకచోట అది ఏడువేల రాళ్లు పేర్చిన శ్మశానం. ఇంకోచోట అది లెక్కలో పొరపాటుకు ఉన్న వెసులుబాటు. ఈ సంగతి కాంచనబురి శ్మశానంలో నిలబడితే తప్ప నాకు బుర్రకెక్కలేదు.

అదే రోజు మధ్యాహ్నం మాస్టారూ, ఆయన కొడుకూ, నేనూ కలిసి ఆ శ్మశానానికి వెళ్లాం. ఊరి మధ్యలో ఉంది. దాదాపు 7 వేల సమాధులు, ఒక్కోదానికీ పేరు, దళం, వయసు. గడ్డి కత్తిరించి తివాచీలా ఉంచారు. నీకే అనే క్యాంపులో కలరాతో చనిపోయి గుంపుగా దహనమైన 300 మంది బూడిదను రెండు సమాధుల్లో పెట్టారు. వాళ్ల పేర్లు కూడా పక్కనున్న మంటపంలో పలకల మీద ఉన్నాయి. కలిపి కాల్చేసినా పేరు పోలేదు.

ప్రవేశద్వారం దగ్గర ఇంకో పలక ఉంది. థాయ్‌లాండ్‌లో ముస్లిం శ్మశానాల్లో పూడ్చిన అవిభక్త భారత సైన్యం మనుషులు 11 మంది పేర్లు దాని మీద ఉన్నాయి. మాస్టారి కొడుకు, "తెల్లవాళ్లకే పేర్లు, మనవాళ్లకు లేవు" అంటున్నాడు అప్పటిదాకా. ఆ పలక చూపించాను. ఇది చర్మం రంగు ఒక్కటే కాదు. రిజిస్టరు. సైనికుడికి నంబరు ఉంటుంది, జీతం పద్దు ఉంటుంది, పింఛను ఇవ్వాల్సిన ప్రభుత్వం ఉంటుంది. కాబట్టి అతను పోయాడని ఎవరో ఒకరు రాసుకోక తప్పదు. ఖైదీలైతే క్యాంపుల్లో దొంగచాటుగా చావుల జాబితాలు రాసి, సీసాల్లో పెట్టి పూడ్చి దాచారు. 1945లో యుద్ధం ముగిసిన కొన్ని వారాలకే, మాజీ ఖైదీల బృందం ఒకటి ఒక జపాన్ దుబాసీని వెంటబెట్టుకుని లైను పొడవునా తిరిగింది. 144 శ్మశానాల్లో పదివేలకు పైగా సమాధులు గుర్తించింది. వాళ్లు వెతికింది తమవాళ్ల కోసం. అది తప్పని నేనెలా అంటాను? మనవాళ్ల కోసం వెతకాల్సింది మనం.

మనం ఎందుకు వెతకలేదు? ఇక్కడ కొందరు మిత్రులకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. అమ్రోలీ నుంచి తాపీ ఒడ్డునే పైకి వెళ్తే మా సూరత్ జిల్లాలోనే హరిపురా ఉంది. 1938లో సుభాష్ చంద్రబోస్ కాంగ్రెస్ అధ్యక్షుడైంది అక్కడి సభల్లోనే. ఎడ్లు లాగిన రథం మీద ఆయన్ను ఊరేగించిన సంగతి మా వైపు ఇప్పటికీ గర్వంగా చెబుతారు. ఆయనే 1943 జులైలో సింగపూర్‌లో ఉద్యమ నాయకత్వం తీసుకున్నారు. అక్టోబరు 21న ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించారు. డెత్ రైల్వే రెండు కొసలూ కలిసింది అక్టోబరు 17న. నాలుగు రోజుల తేడా. మరుసటి ఏడాది ఇంఫాల్ వైపు వెళ్లిన ఐఎన్ఏ దళాలలో కొన్ని ఆ పట్టాల మీదే ప్రయాణించాయి.

నేను నేతాజీని దోషి అనడం లేదు. తోటల్లో ఉన్నవాళ్లలో కొందరు రైలు పని తప్పించుకోవడానికే ఐఎన్ఏలో చేరారు, అంటే ఆయన సైన్యం కొందరి ప్రాణాలు కాపాడింది కూడా. నేనంటున్నది ఇంతే: మనం మెచ్చుకునే కథలో జపాన్ మన మిత్రుడు. ఆ మిత్రుడి చేతిలో చచ్చిన పదుల వేల కూలీలు ఆ కథలో ఇమడరు. ఇమడనివాళ్లను కథ చెప్పేవాళ్లు పక్కన పెట్టేస్తారు. ఇంగ్లీషు ప్రభుత్వానికి వాళ్లు తోట కూలీలు. స్వతంత్ర భారతానికి వాళ్లు పరాయి దేశం వెళ్లిపోయినవాళ్లు. జపాన్ 1967లో మలేసియాతో ఒప్పందం చేసుకుని రెండు ఓడలిచ్చి ఆ పద్దు మూసేసింది. ఓడలు ఏ వితంతువు ఇంటికీ రావు కదా!

అసలు మొట్టమొదట స్మారకం కట్టింది జపాన్ సైన్యమే అంటే నమ్ముతారా? 1944లోనే, వంతెన దగ్గర్లో. పని చేయించి చంపినవాళ్లే చచ్చినవాళ్ల ఆత్మశాంతికి రాయి నిలబెట్టారు. దాని మీద అనేక భాషల్లో రాతలున్నాయి. వాటిలో తమిళం ఒకటి. ఆత్మల మీద అంత నమ్మకం ఉన్నవాళ్లు బతికుండగా కాచిన నీళ్లు ఇచ్చి ఉంటే సరిపోయేది. మాస్టారు ఆ రాయి చుట్టూ తిరిగి ప్రతి పలకా చూశారు. తెలుగు కోసం వెతుకుతున్నారని నాకు తర్వాత అర్థమైంది. లేదు.

శ్మశానానికి దగ్గర్లోనే వాట్ థావోర్న్ వరారామ్ అనే బౌద్ధ ఆలయం ఉంది. కూలీల గుంపు సమాధుల్లోంచి తీసిన ఎముకలను అక్కడ భద్రపరిచారు. 2023లో మలేసియా, థాయ్‌లాండ్ తమిళ సంఘాలవాళ్లు అక్కడ ఒక నడుకల్, అంటే మన వీరగల్లు లాంటిది, నిలబెట్టారు. తమిళనాడు ప్రభుత్వం కూడా డబ్బు సాయం చేసింది. దాన్ని చూసి నాకు ఈర్ష్య కలగలేదంటే అబద్ధం. ఆ వెంటనే సిగ్గు కూడా వేసింది. వాళ్లు ఏళ్ల తరబడి తిరిగి, బతికున్న ముసలివాళ్లను వెతికి మాట్లాడించి, ప్రభుత్వాల చుట్టూ తిరిగి సాధించారు. మన రెండు రాష్ట్రాల్లో ఈ రైలు పేరు తెలిసిన ఎమ్మెల్యే ఒక్కడున్నా నాకు ఆశ్చర్యమే.

ఆ ఎముకల్లో తమిళుడెవరో, తెలుగువాడెవరో, బర్మావాడెవరో ఎవరూ చెప్పలేరు. మాస్టారు చెప్పులు విప్పి కాసేపు నిలబడ్డారు. బయటికొచ్చాక ఆలయం ముందున్న అరుగు మీద కూర్చున్నాం. నేను హేతువాదినని అప్పటికే చెప్పాను. ఆయన నవ్వి, "అయితే మీకు ఇది నచ్చదు" అంటూ మొదలుపెట్టారు.

వాళ్లింట్లో సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెడతారు. ఉత్తరాంధ్ర ఆచారం, సముద్రం దాటినా పోలేదు. మా తెలంగాణలో పెత్రామాసకు పెద్దలకు పెట్టినట్టే. కానీ తాతకు చాలా ఏళ్లు పెట్టలేదు. నాయనమ్మ పెట్టనివ్వలేదు. పోయాడని ఎవరు చూశారు? కబురు తెచ్చిందెవరు? ఆయనతో వెళ్లిన ఇద్దరిలో ఒకడు తిరిగొచ్చి, "వేరే క్యాంపుకి తోలారు, ఆ తర్వాత తెలీదు" అన్నాడు. తెలీదంటే పోయినట్టు కాదు కదా అని ఆవిడ వాదన. బొట్టు తీయలేదు. 1957లో ఆవిడ పోయింది. ఆ మరుసటి సంక్రాంతికి మాస్టారి తండ్రి ఇద్దరికీ కలిపి బట్టలు పెట్టాడు. ఆవిడకు చీర, ఆయనకు పంచె, ఒక చొక్కా. అప్పటినుంచి ఏటా అంతే.

నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఇలాంటి తంతులను ఎగతాళి చేస్తూ ఎన్నో సభల్లో మాట్లాడినవాణ్ణి. ఆ మాటల్లో దేన్నీ ఇప్పుడు వెనక్కి తీసుకోవడం లేదు. చచ్చినవాడు పంచె కట్టుకోడు. కానీ సాక్ష్యం అడిగేది నా అలవాటు కాబట్టి చెబుతున్నాను: జపాన్ దగ్గర లేదు, ఇంగ్లీషువాళ్ల దగ్గర లేదు, మలేసియా దగ్గర లేదు, మన దగ్గర లేదు. ఆ మనిషి ఉన్నాడనీ, వెళ్లాడనీ, రాలేదనీ చెప్పే రికార్డు ఈ భూమి మీద ఒకటే ఉంది. అది ఏటా జనవరిలో ఒక ఇంట్లో పీట మీద పెట్టే పంచె.

ఆయన్ను అడిగి నా నోటుబుక్కులో రాసుకున్నాను. తాత పేరు, ఇంటిపేరు, నాయనమ్మ పేరు, తోట పేరు, తిరిగొచ్చిన మనిషి పేరు. తాత పుట్టిన ఊరు దగ్గర ఆగిపోయారు. వంశధార ఒడ్డున అని మాత్రమే తెలుసు. మీ బంధువుల్లో ఇలాంటి కుటుంబాలు ఇంకెన్ని ఉన్నాయని అడిగితే వేళ్లు మడవడం మొదలుపెట్టి, రెండో చేతికి వచ్చాక ఆపేశారు. వాళ్ల వివరాలు కూడా రాసి పంపుతానన్నారు. ఇప్పటికి నాలుగు కుటుంబాలవి వచ్చాయి. ఒకదాంట్లో తండ్రీ ఇద్దరు కొడుకులూ వెళ్లారు.

"సూరత్‌లో పంచెలు నేస్తారా బాబూ?" అని అడిగారు విడిపోయే ముందు.

"లేదు మాస్టారూ. అంతా పాలిస్టరు చీరలే."

పెద్దగా నవ్వారు. "మలేసియాలో మాకు వచ్చేవీ అవే."

ఈ సంక్రాంతికి ముందు మా సిరిసిల్ల వైపు ఒక చేనేత సొసైటీ నుంచి నూలు పంచె ఒకటి తెప్పించి పోస్టులో పంపాను. మా సంఘంలో ఇద్దరు మిత్రులు దీన్ని తప్పు పట్టారు, మూఢనమ్మకానికి పోస్టేజీ ఖర్చు కూడా నువ్వే పెట్టుకున్నావా అన్నారు. వాళ్లతో వాదన ఇంకా తెగలేదు. పార్సిలు మీద అతికించే కస్టమ్స్ కాగితంలో వస్తువు వివరం, ఎన్ని, బరువు, విలువ అన్నీ రాయాలి. పంచె, ఒకటి, అని రాశాను.